ఒక్క నెట్టు – నాలుగు కంప్యూటర్లు

మన కంప్యూటర్ గదిలో ఒకే ఇంటర్నెట్ కనెక్షను నాలుగు కంప్యూటర్లకు ఎలా వచ్చిందో ఈ నెల రాస్తున్నాను. ఇంట్లో రెండు కంప్యూటర్లు ఉన్నా పద్ధతి ఇదే.

ఇదివరకు గదిలో నాలుగు కంప్యూటర్లు ఉన్నా నెట్ ఒక్కదానికే ఉండేది. మా తరగతిలో 40 మందిమి. పీరియడు 40 నిమిషాలు. అంటే మనిషికి ఒక్క నిమిషం. ముందు వరసలో వాళ్ళు కూర్చునేవారు, వెనక వాళ్ళకి వంతు వచ్చేసరికి బెల్లు కొట్టేసేది. నేను 6వ తరగతిలో చేరేను. 8వ తరగతి అయ్యేదాకా మౌసు పట్టుకోలేదు.

ఒకరోజు గది ఊడుస్తూ నెట్ పెట్టె వెనకాల చూసేను. నాలుగు కన్నాలున్నాయి. ఒకదాంట్లోనే వైరు ఉంది, మూడు ఖాళీ. "సార్, ఈ మూడూ దేనికి?" అని అడిగేను. సారు పెట్టె తిప్పి చూసి కాసేపు ఏమీ అనలేదు. తరువాత "ఇవీ కంప్యూటర్లకేనమ్మా. ఇన్నాళ్ళూ మనం ఎవరమూ చూడలేదు" అన్నారు. వచ్చే శనివారం మూడు వైర్లు తెచ్చేరు.

పెట్టె చేసే పని ఏమిటి?

ఈ పెట్టెలో రౌటరు ఉంటుంది. మన హాస్టలుకి బయట ఒక్కటే అడ్రసు కదా. ఎవరికి ఉత్తరం వచ్చినా ఆ అడ్రసుకే వస్తుంది. ఆఫీసులో పేరు చూసి ఎవరిది వారికి ఇస్తారు. రౌటరు కూడా అంతే. బయటికి దానికి ఒక్కటే నెంబరు. లోపల ఒక్కో కంప్యూటరుకి ఒక్కో నెంబరు. ఏ కంప్యూటరు ఏ పేజీ అడిగిందో గుర్తు పెట్టుకుని, పేజీ రాగానే దానికే ఇస్తుంది. దీన్ని నాట్ అంటారు.

ఈ నెంబరు పేరు ఐపీ అడ్రసు. పాత పద్ధతిలో మొత్తం సుమారు 429 కోట్ల నెంబర్లే ఉన్నాయి, ప్రపంచానికి చాలవు. అందుకని 192.168 తో మొదలయ్యేవి లాంటి కొన్నిటిని ఇళ్ళ లోపల, ఆఫీసుల లోపల వాడుకోడానికి విడిగా ఉంచేరు. 1996 నాటి నియమం అది. అవి ఎన్ని ఇళ్ళలోనైనా ఉండొచ్చు, బయటికి రావు కాబట్టి తగువు లేదు.

చేసే విధానం

1. పెట్టెకి కరెంటు ఇచ్చి లైట్లు నిలకడగా వెలిగేదాకా ఆగాలి.
2. లాన్ వైరు ఒక కొన పెట్టె కన్నంలో, ఇంకో కొన కంప్యూటరు వెనక పెట్టాలి. "టిక్" మని చప్పుడు రావాలి. వైరు 100 మీటర్లు దాటకూడదు.
3. కన్నం దగ్గర చిన్న లైటు మినుకుమంటే వైరు బాగున్నట్టు.
4. కంప్యూటరులో నెట్‌వర్క్ సెట్టింగు తెరిచి, నెంబరు "ఆటోమేటిక్" గా తీసుకోమని పెట్టాలి. అప్పుడు రౌటరే నెంబరు ఇస్తుంది. దీన్ని డీహెచ్‌సీపీ అంటారు.
5. కంప్యూటర్లు ఎక్కువైతే "స్విచ్" అనే ఇంకో పెట్టె కలుపుకోవాలి.

నేను చేసిన తప్పు

మొదటి కంప్యూటరులో నెంబరు చేత్తో కొట్టి ఉంది, 192.168.1.5 అని. నేను దాన్ని చూచిరాత లాగ ఒక్క అంకె పోకుండా రెండోదాంట్లో కొట్టేను. అంతే, రెండోదానికి నెట్ రాలేదు, మొదటిదానికీ పోయింది. నాకు చేతులు వణికేయి. పాడు చేసేసేననుకున్నాను. సారు తిట్టలేదు. "ఒకే పేరున్న ఇద్దరు పిల్లలుంటే ఉత్తరం ఎవరికివ్వాలి?" అని అడిగేరు. అప్పుడు తెలిసింది. రెండిట్లోనూ ఆటోమేటిక్ పెట్టేను. రెండూ పని చేసేయి. చూసి రాయడం వేరు, తెలిసి రాయడం వేరు.

జాగ్రత్తలు

– పెట్టెలోకి వచ్చే సన్నని ఫైబరు వైరు గాజుది. దాంట్లో వెలుగు వెళ్తుంది. మడత పెడితే నెట్ పోతుంది.
– ఉరుములప్పుడు కరెంటు ప్లగ్గు తీసేయాలి.
– పెట్టె అడుగున రాసి ఉన్న పాస్‌వర్డు మార్చాలి. లేకపోతే గోడ అవతల నిలబడి ఎవరైనా మన వైఫై వాడేస్తారు.
– వైర్లు పెంచితే నెట్ పెరగదు. కొండ ఊట నుంచి ఊరికి ఒకే పైపు వస్తే కుళాయిలు పెంచినా నీళ్ళు అవే కదా. 20 ఎంబీపీఎస్ కనెక్షనుని నలుగురూ ఒకేసారి గట్టిగా వాడితే మనిషికి సుమారు 5 వస్తుంది. ఒకరు సినిమా పాట పెడితే మిగతా ముగ్గురికి పాఠం ఆగి ఆగి రావచ్చు.

ఇప్పుడు ఒక్కో కంప్యూటరు దగ్గర పదిమందిమి. మనిషికి నాలుగు నిమిషాలు. ఇదీ తక్కువే, కానీ వెనక వరసకి కూడా వంతు వస్తోంది. కొత్త కనెక్షను కొనలేదు. ఖాళీగా ఉన్న మూడు కన్నాలే వాడేము. కాబట్టి చెల్లెళ్ళూ, తెలియనిది కనిపిస్తే "ఇది దేనికి?" అని అడగండి. సిగ్గు పడకండి.

ప్రశ్న: రెండు కంప్యూటర్లకి ఒకే నెంబరు ఉంటే ఏమవుతుంది? జవాబు రాసి నాకివ్వండి. పాస్‌వర్డు మాత్రం అడగొద్దు, అది గోడ మీద రాయకూడదు!

– 9వ తరగతి విద్యార్థిని