కాలేయంలో మాంసకృత్తుల కూర్పు

బుగ్గలు ఉబ్బి, పాదాలు వాచిన పసిబిడ్డను చూసి బొద్దుగా ఉన్నాడని మురిసిపోయేవారు ఉంటారు. ఆ పాదాన్ని బొటనవేలితో అదిమితే గుంట పడుతుంది. వేలు తీసినా ఆ గుంట వెంటనే పూడదు. అది పుష్టి కాదు, నీరు. కండలు కరిగి, జుట్టు రంగు మారి, ఆకలి నశించిన ఆ బిడ్డ తీవ్రమైన పోషకాహార లోపానికి గురయ్యాడన్నమాట. ఈ వ్యాధి స్వరూపం బోధపడాలంటే కాలేయం నిర్వహించే ఒక ముఖ్యమైన పనిని తెలుసుకోవాలి.

మనం తిన్న ఆహారంలోని మాంసకృత్తులు జీర్ణమై అమైనో ఆమ్లాలుగా విడిపోతాయి. అవి పేగుల నుండి రక్తంలో చేరి, నిర్వాహక సిర ద్వారా మొదట కాలేయానికి వస్తాయి. కాలేయం వాటిని తిరిగి కూర్చి కొత్త మాంసకృత్తులను తయారుచేస్తుంది. రక్తం గడ్డకట్టడానికి తోడ్పడే ఫైబ్రినోజన్, ఇనుమును మోసుకుపోయే ట్రాన్స్‌ఫెరిన్ అటువంటివే. వీటన్నిటిలో అధికంగా తయారయ్యేది ఆల్బుమిన్. ఆరోగ్యవంతులైన పెద్దలలో కాలేయం రోజుకు సుమారు 10 నుండి 15 గ్రాముల ఆల్బుమిన్‌ను ఉత్పత్తి చేస్తుంది. రక్తంలోని నీరు నాళాలను దాటి కణజాలంలోకి జారిపోకుండా నిలపడంలో దీనిదే ప్రధాన పాత్ర.

అక్షరాల కూర్పుతో పదాలు ఏర్పడినట్లే, 20 రకాల అమైనో ఆమ్లాల కూర్పుతో మాంసకృత్తులు ఏర్పడతాయి. వీటిలో 9 రకాలను మన శరీరం తయారుచేసుకోలేదు. అవి ఆహారం ద్వారానే లభించాలి. వీటిని ఆవశ్యక అమైనో ఆమ్లాలు అంటారు. లైసిన్ ఉండవలసిన చోట మరొక ఆమ్లం ఇమడదు. ఒక్కటి కొరవడినా కూర్పు కుంటుపడుతుంది. అంతేకాదు, అమైనో ఆమ్లాలు ముడిసరుకు మాత్రమే కావు, సంకేతాలు కూడా. ల్యూసిన్ వంటివి సమృద్ధిగా ఉన్నప్పుడు కణం ఉత్పత్తిని పెంచుతుంది. కొరత ఏర్పడగానే తగ్గించి పొదుపు పాటిస్తుంది. ఉపవాసం ఉంచిన కుందేళ్ల కాలేయాలలో ఆల్బుమిన్ తయారీ తగ్గడాన్ని, అమైనో ఆమ్లాలను అందించగానే అది తిరిగి పుంజుకోవడాన్ని 1960వ దశకంలో శాస్త్రజ్ఞులు గమనించారు.

మొదట వర్ణించిన బిడ్డల వ్యాధిని ఆఫ్రికాలోని గోల్డ్ కోస్టులో, అంటే నేటి ఘనాలో, సిసిలీ విలియమ్స్ అనే వైద్యురాలు పరిశీలించి 1933లో లోకానికి తెలిపారు. అక్కడి పిల్లలు చనుబాలు మానిన తరువాత ప్రధానంగా మొక్కజొన్న జావతో పెరిగేవారు. మొక్కజొన్నలో లైసిన్, ట్రిప్టోఫాన్ తక్కువ. తల్లికి మరో కాన్పు కాగానే పెద్దబిడ్డకు సోకే జబ్బు అనే అర్థంలో స్థానికులు దానిని 'క్వాషియోర్కర్' అనేవారు. 1935లో ఆమె ఆ పేరునే వైద్యశాస్త్రంలో ప్రవేశపెట్టారు.

అయితే ఈ వ్యాధికి మాంసకృత్తుల లోపమే ఏకైక కారణమా? హైదరాబాదులోని జాతీయ పోషకాహార సంస్థకు సారథ్యం వహించిన డాక్టర్ సి. గోపాలన్ ఈ ప్రశ్నను లోతుగా విచారించారు. ఒకే రకమైన ఆహారం తింటున్న పిల్లలలో కొందరికి క్వాషియోర్కర్, కొందరికి ఎముకల గూడుగా మార్చే మరాస్మస్ రావడాన్ని ఆయన 1968లో వివరించారు. మన దేశంలోని పేదపిల్లల ఆహారంలో మాంసకృత్తుల కంటే శక్తి కొరతే ముందు తీర్చవలసిన లోటు అని ఆయన నొక్కి చెప్పారు. కడుపునిండా తిండి లేనప్పుడు కాలేయం అమైనో ఆమ్లాలను కూర్పుకు కాక గ్లూకోజు తయారీకి మళ్లిస్తుంది. తట్టు వంటి అంటువ్యాధులు సోకినప్పుడు ఆల్బుమిన్‌ను తగ్గించి, రక్షణకు తోడ్పడే ఇతర మాంసకృత్తులను తయారుచేస్తుంది. కాబట్టి ఆ వాపు వెనుక ఆకలి, అంటువ్యాధులు కూడా దాగి ఉంటాయి. దాని కారణాలపై నేటికీ పరిశోధనలు సాగుతున్నాయి.

ఈ సత్యం మన వంటింట్లోనూ కనిపిస్తుంది. బియ్యంలో లైసిన్ తక్కువ. కందిపప్పులో అది పుష్కలం. పప్పులో కొరవడిన మిథియోనిన్‌ను బియ్యం భర్తీ చేస్తుంది. అందుకే పప్పన్నం, పులగం, ఇడ్లీ ఖరీదైన ఆహారానికి తీసిపోవు. కానీ అన్నం ఉండి పప్పు లేని పళ్లెం ముందు, రెండూ లేని పళ్లెం ముందు కూర్చునే బిడ్డలు ఇంకా ఉన్నారు. కాలేయానికి నేర్పు ఎంత ఉన్నా, అందని దానిని అది కూర్చలేదు. దానిని అందించవలసిన బాధ్యత సమాజానిది.