సీనియర్ డాక్టర్లతో ఏం మాట్లాడాలి?

ప్రశ్న: ఎం.బి.బి.ఎస్. మూడో ఏడాది చదువుతున్నాను. మా కాలేజీ పూర్వవిద్యార్థుల సమ్మేళనం దగ్గరపడింది. కిందటిసారి ఎవరితోనూ మాట్లాడలేక భోంచేసి వచ్చేశాను. ఏం చేయాలి?
– ఒక విద్యార్థిని, విశాఖపట్నం

జవాబు: ఇది తెలివికి సంబంధించిన లోపం కాదమ్మా. రౌండ్స్‌లో అందరి ముందూ ప్రశ్నలు ఎదుర్కొని, పెద్ద డాక్టరు కనబడితే పరీక్షే అనిపించడం అలవాటైపోయింది. సమ్మేళనానికి వచ్చేవాళ్లు పరీక్ష పెట్టడానికి రారు. ఉదాహరణకు, 1923లో మొదలైన ఆంధ్ర వైద్య కళాశాలలో చదివినవారి దగ్గర కేజీహెచ్ (కింగ్ జార్జ్ ఆసుపత్రి) వార్డుల ఊసెత్తి చూడండి, వాళ్లే ఆపకుండా మాట్లాడతారు.

అమెరికా నుంచి వచ్చినవారి చుట్టూ అందరూ మూగుతారు. నర్సీపట్నంలోనో పార్వతీపురంలోనో ప్రాక్టీసు చేస్తున్నవారి పక్క కుర్చీ ఖాళీగా ఉంటుంది. ముందు అక్కడ కూర్చోండి. చిన్న ఊళ్లో అన్ని రకాల కేసులూ చూసినవారి అనుభవం మీకిప్పుడు ఎక్కువ పనికొస్తుందని నా నమ్మకం. ‘ఏ బ్రాంచి మంచిది?’ అంటే అరిగిపోయిన జవాబే వస్తుంది. ‘మీ బ్రాంచిలో మీకు కష్టమనిపించేదేమిటి? రాత్రి ఫోన్లు ఎలా ఉంటాయి?’ అని అడగండి. మొదటి పరిచయంలోనే సిఫార్సు లేఖ అడక్కండి. సెలవుల్లో ఒకరోజు మీ ఓపీలో కూర్చోవచ్చా అనండి, చాలామంది కాదనరు. మర్నాడే కృతజ్ఞతలు చెబుతూ చిన్న మెసేజ్ పెట్టండి.

వైవాలు, క్లినిక్స్ కూడా తప్పించుకుంటున్నా, గుండెదడతో నిద్ర పట్టకపోతున్నా ఆలస్యం చేయకుండా మానసిక వైద్యుల్ని కలవండి. ప్రభుత్వ మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ టెలీమానస్ 14416కు ఫోన్ చేసినా తెలుగులో మాట్లాడతారు.