అలుగు పొలుసులతో ఆయాసము తగ్గునా?

ప్రశ్న: మా నాన్నగారు కోలారు బంగారు గనులలోని చాంపియన్ రీఫ్ గనిలో రాయి తొలిచే పని చేసేవారు. ఇప్పుడు విపరీతమైన ఆయాసం. చైనా వైద్యంలో వాడే అలుగు అనే జంతువు పొలుసుల పొడి ఇస్తే తగ్గుతుందని ఒకరు అమ్మజూపుతున్నారు. వాడవచ్చా?
– ఒక పాఠకురాలు, రాబర్ట్‌సన్‌పేట

జవాబు: వలదమ్మా. మన గోళ్ళలోని కెరటిన్ పదార్థమే గట్టిపడి ఏర్పడిన ఆ పొలుసులను చీనా ప్రభుత్వమే 2020లో తన అధికారిక ఔషధకోశపు విడి మందుల పట్టికనుండి తొలగించినది. మన దేశమున వానిని కొనుటయు, దాచుటయు 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టము ననుసరించి నేరము. 2001లో మూతపడిన ఆ గనులలో ఏండ్ల తరబడి పీల్చిన సన్నని రాతిధూళి ఊపిరితిత్తులలో మచ్చలు కట్టించియుండిన, ఏ పొడియు వానిని కరిగింపజాలదు. ఛాతీ ఎక్స్‌రే తీయించి, అట్టివారికి క్షయ సులభముగా సోకును గనుక కఫపరీక్షయు చేయించి, గనిలో చేసిన పనిని వైద్యునికి తప్పక తెలుపుడు. పొగ మాన్పించుడు, గనుల వ్యర్థముతో ఏర్పడిన సయనైడు దిబ్బల దుమ్ము రేగు వేళ వారిని వెలుపలికి పంపకుడు. కఫమున రక్తము, విడువని జ్వరము, కూర్చున్నను ఆయాసము కన్పట్టినచో ఆ దినముననే కోలారు జిల్లా ఆసుపత్రికి తీసికొనిపొండు.