ముందు నలకలు ఏరే చేతుల్ని చూడు

హిందూపురం,
శుక్రవారం.

చిరంజీవి బుజ్జికి,

మీ నాన్నకు మోకాలి నొప్పి తగ్గింది. సాయంత్రాలు నాతో పాటు తోట దాకా నడిచి వస్తున్నాడు.

మూడు రోజులు సెలవు దొరికిందనీ, చేతిపనుల ఊరు ఒకటి చూసి అక్కడేదైనా నీ చేత్తో చేసి రావాలని ఉందనీ రాశావు. ఎక్కడికి వెళ్లమంటావని అడిగావు. ఎచిజెన్‌కు వెళ్లు తల్లీ, కాగితం చేసే ఊరికి. నగోయాలో ఉద్యోగం చేసిన రోజుల్లో నేను రెండుసార్లు వెళ్లాను. మొదటిసారి ఏమీ చూడకుండానే తిరిగొచ్చాను. నీకు అలా కాకూడదనే ఈ ఉత్తరం కాస్త వివరంగా రాస్తున్నాను.

2024 మార్చి నుంచి బుల్లెట్ రైలు ఎచిజెన్-తకెఫు దాకా వస్తోంది కాబట్టి టోక్యో నుంచి నీకు ప్రయాణం తేలిక. స్టేషన్ నుంచి ఊరికి వెళ్లే బస్సుల వేళలు, అక్కడి సెలవు రోజులు ముందే కనుక్కో. కొండల మధ్య అయిదు పల్లెలు కలిసి కాగితం మీద బతుకుతున్న చోటు అది. 1868లో జపాన్ కొత్త ప్రభుత్వం దేశమంతటికీ చెల్లే నోట్లు మొదటిసారి వేసినప్పుడు వాటికి కాగితం ఇక్కడిదే. ఈ ఊరి హోషో కాగితం చేసే ఇవానో ఇచిబేయి ఇంట్లో తండ్రిని 1968లో, కొడుకును 2000లో ప్రభుత్వం 'సజీవ జాతీయ సంపద'గా గుర్తించింది.

అక్కడ పాపిరస్‌కాన్ అనే చోట వచ్చినవాళ్లందరి చేతా కాగితం చేయిస్తారు. చెక్క చట్రాన్ని తొట్టిలో ముంచి, గుజ్జు తీసి, మెల్లగా ఊపి, పైన పూలో ఆకులో పేర్చుకుంటే ఇరవై నిమిషాల్లో కార్డు తయారు. మొదటిసారి నేనూ చేశాను. ఫోటో దిగి మధ్యాహ్నం రైలుకు వచ్చేశాను. రాత్రి ఇంటికొచ్చి ఆ కార్డును దీపానికి ఎత్తి చూస్తే సన్నటి నారపోగులు కనిపించాయి. అప్పుడు తట్టింది. ఈ నార ఎక్కడిదో నాకు తెలియదు, ఎవరు ఉడికించారో తెలియదు, ఇంత తెల్లగా ఎలా వచ్చిందో తెలియదు. ఎవరో నెలల తరబడి చేసి పెట్టిన పనిలో చివరి ఇరవై నిమిషాలు మాత్రం నా చేతికిచ్చారు. అదే పనంతా అనుకుని వచ్చేశాను.

నిజానికి ఈ సంగతి అందరికంటే ముందు నాకు తెలిసి ఉండాలి. పట్టుపురుగులు మేపిన ఇంట్లో పుట్టినవాణ్ణి. పురుగులు నాలుగో జ్వరం, అంటే పొర విడిచే నిద్ర, దాటి లేచాక మీ నానమ్మ రాత్రిళ్లు పడుకునేది కాదు. దీపం పట్టుకుని ఆకు వేస్తూనే ఉండేది. ఆకు తినే చప్పుడు వాన పడ్డట్టు ఇల్లంతా వినిపించేది. చంద్రికలనే వెదురు తట్టల మీద పురుగులు గూళ్లు కట్టాక మార్కెట్టుకు తీసుకెళ్లేవాళ్లం. పట్టుచీర చూసినవాళ్లకు ఆ రాత్రులు కనిపించవు. కాగితం దగ్గర నేనూ అలాగే చేశాను.

రెండోసారి వెళ్లినప్పుడు కార్డు జోలికి పోకుండా ముందు ఉదాత్సు కళాకేంద్రానికి వెళ్లాను. 18వ శతాబ్దం నాటి కాగితంవాళ్ల ఇంటిని తెచ్చి నిలబెట్టి, అందులో పాత పద్ధతిలో పనంతా వరసగా చూపిస్తారు. నువ్వూ అక్కడే మొదలుపెట్టు. కోజో అనే చెట్టు బెరడు చూపిస్తారు. అది మన మల్బరీకి చుట్టమే. ఆకు రాలాక చలికాలంలో కొమ్మలు మొదలంటా నరుకుతారు, వసంతంలో మళ్లీ చిగురిస్తాయి. కొమ్మల్ని ఆవిరి పట్టి బెరడు ఒలుస్తారు. పైన ఉన్న నల్ల పొర గీకేస్తారు. మిగిలిన తెల్ల బెరడును క్షారం నీళ్లలో మెత్తబడే దాకా ఉడికిస్తారు.

ఆ తర్వాతి పని దగ్గర మాత్రం నిలబడిపో. నేను వెళ్లినప్పుడు, ఉడికిన నారను చల్లటి నీళ్లలో ఉంచుకుని, నా వయసున్న ఒకామె వంగి కూర్చుని నలకలు ఏరుతోంది. బియ్యంలో రాళ్లు ఏరినట్టే. నారను వేళ్ల మధ్య విప్పి, ఆవగింజలో సగం కూడా లేని నల్ల మచ్చను గోటితో తీసి పక్కన పెట్టి, మళ్లీ విప్పడం. నీళ్లలో నాని వేళ్ల చివర్లు తెల్లగా ముడతలు పడ్డాయి. నేను అక్కడ దాదాపు గంటసేపు ఉన్నాను. ఆమె ముందు పిడికెడు నార శుభ్రపడింది. నా కార్డులో ఒక్క మచ్చ కూడా ఎందుకు లేదో అప్పుడు అర్థమైంది.

ఇంకొకటి అడిగి ముట్టుకుని చూడు. తొట్టిలో గుజ్జుతో పాటు తొరోరో-అఓయి అనే మొక్క వేరు నుంచి తీసిన జిగట కలుపుతారు. ఆ మొక్క మన బెండకు చెల్లెలు లాంటిది. బెండకాయ కోసినప్పుడు వేలికి అంటే జిగటే గుర్తొస్తుంది. అది అతికించడానికి కాదు. నార ముద్దకట్టకుండా నీళ్లలో తేలుతూ ఉండటానికీ, నీళ్లు నెమ్మదిగా దిగటానికీ. ఆ వ్యవధిలోనే పనివాళ్లు చట్రాన్ని ముందుకీ వెనక్కీ ఊపి నారను పరుస్తారు. వేడికి జిగట పలచబడిపోతుంది. అందుకే మంచి కాగితానికి చలికాలమే కాలం. చేతులు కొంకర్లు పోయే నీళ్లలోనే మేలైన కాగితం పుడుతుంది.

అక్కడి నుంచి ఒకామోతో-ఓతాకి గుడికి నడిచి వెళ్లు. 1843లో తిరిగి కట్టిన గుడి అది, పైకప్పు అలలు ఒకదాని మీద ఒకటి ఎక్కినట్టు ఉంటుంది. అక్కడ కొలువైంది కాగితపు దేవత. సుమారు 1500 ఏళ్ల కిందట ఏటి ఎగువన ఒక స్త్రీ కనిపించి, 'మీకు పొలం తక్కువ, నీళ్లు మాత్రం స్వచ్ఛం, కాగితం చేసుకుని బతకండి' అని పని నేర్పిందట. పేరేమిటమ్మా అంటే ఏటి ఎగువన ఉంటానని మాత్రం చెప్పి మాయమైందట. అందుకే ఆమెను 'కవకామి గోజెన్', అంటే ఏటి ఎగువ అమ్మ, అని పిలుచుకుంటారు.

ఇవన్నీ చూశాక, మర్నాడు వెళ్లి కార్డు చెయ్యి. ఉంగరాలు తీసెయ్, చొక్కా చేతులు పైకి మడుచుకో. నేర్పేవాళ్లు చట్రం ఊపుతున్నప్పుడు చట్రాన్ని కాదు, మోచేతుల్నీ నడుమునూ చూడు, ఊపు అక్కడి నుంచే వస్తుంది. తడి కాగితాన్ని ముట్టుకోకు. మొదటి కాగితం ఒకచోట మందంగా, ఒకచోట పలచగా వస్తుంది, దాన్ని పారెయ్యకు, దాచుకో. సొంతంగా కాగితం చేసేవాళ్ల ఇళ్లు వాళ్ల పనిచోట్లు, ముందుగా అడగకుండా లోపలికి తొంగి చూడకు.

కొనేటప్పుడు బేరం ఆడకు. హోషో కాగితం ఒక్కటి కొన్నా చాలు. రంగురంగుల చెక్క అచ్చులు ఒకదాని మీద ఒకటి పడినా సాగని కాగితం అది. దాని ధరలో ఆ పిడికెడు నారకు పట్టిన గంట కూడా ఉంది.

దగ్గర్లోనే కత్తులు చేసే ఊరు, లక్క పూత పని చేసే ఊరు, మట్టిపాత్రల ఊరు కూడా ఉన్నాయి. మూడు రోజులు ఉన్నాయి కదా అని అన్నీ చుట్టబెట్టాలని చూడకు. రెండు రోజులు కాగితానికి ఇవ్వు. మూడో రోజు కత్తుల ఊరికి వెళ్తే వెళ్లు. మిగిలినవి ఇంకో సెలవుకు.

చివరగా ఒక్క మాట. మన ఇంట్లో మీ నానమ్మ పట్టుచీర కట్టుకున్న ఫోటోలు చాలా ఉన్నాయి. పురుగులకు ఆకు వేస్తున్న ఫోటో ఒక్కటి కూడా లేదు. తీయాలని మాలో ఎవరికీ తోచలేదు. అక్కడ నలకలు ఏరే ఆమెను వంగి నమస్కరించి అడుగు. ఒప్పుకుంటే ఆ చేతుల ఫోటో ఒకటి తీసి పంపు. నీ కార్డు ఫోటో తర్వాత పంపుదువుగానీ.

ఇట్లు,
నీ పెదనాన్న.