ఆ రోజు రోడ్జర్స్‌ని తీసుకుని ఉంటే!

శాన్‌ఫ్రాన్సిస్కో ఫుట్‌బాల్ జట్టు ఫార్టీ నైనర్స్ ఓడిపోయిన ఆదివారం మా అల్లుడుగారు ఆ రోజు మ్యాచ్ గురించి ఎంతోసేపు మాట్లాడరు. చేజారిన పాస్ ఒకటి తలుచుకుని నిట్టూర్చి, అక్కణ్ణుంచి నేరుగా 2005కి వెళ్లిపోతారు. "ఆ డ్రాఫ్టులో ఆరన్ రోడ్జర్స్‌ని తీసుకుని ఉంటే మామయ్యగారూ!" 2005 అయ్యాక 2000. "టామ్ బ్రేడీ పక్కనున్న శాన్ మటేయో కుర్రాడు. చిన్నప్పుడు మన జట్టుకే చప్పట్లు కొట్టాడు. వాణ్ణీ వదిలేశారు." ఆ తర్వాత 2017, పాట్రిక్ మహోమ్స్. బే ఏరియాలో స్థిరపడ్డ మన కుర్రాళ్లు చాలామంది ఈ జాబితా గడగడా అప్పజెప్పగలరు. అందులో అబద్ధం ఒక్కటీ లేదు. అయినా దాన్నిబట్టి జట్టువాళ్లు తెలివితక్కువవాళ్లనే వాదన నాకెక్కడ మింగుడుపడదో, ఎక్కడ పడుతుందో రాసిపెడుతున్నాను. ఇంటికొచ్చే పిల్లలందరికీ ప్రతిసారీ మొదటినుంచీ చెప్పే ఓపిక తగ్గింది.

1. డ్రాఫ్టు మన ఐపీఎల్ వేలం లాంటిది కాదు. ఇక్కడ పాట పెంచి ఎగరేసుకుపోవడం ఉండదు. కాలేజీ ఆట ముగించుకొచ్చిన కుర్రాళ్లని లీగులోని 32 జట్లు వంతులవారీగా ఎంచుకుంటాయి. కిందటి ఏడాది అందరికన్నా అధ్వానంగా ఆడిన జట్టుది మొదటి వంతు, లీగు ఫైనలైన సూపర్ బౌల్ గెలిచినవాళ్లది చివరిది. అలా ఏడు రౌండ్లు. ఫిలడెల్ఫియా ఈగిల్స్ యజమాని బెర్ట్ బెల్ ప్రతిపాదించగా 1936లో మొదలైంది ఈ పద్ధతి. ఆ మొట్టమొదటి డ్రాఫ్టులో అందరికన్నా ముందు పేరు పిలిపించుకున్న జే బెర్వాంగర్ ఈ లీగులో ఒక్క ఆటా ఆడలేదు. ఇరవై రెండేళ్ల కుర్రాడు ముప్పై ఏళ్లకి ఏమవుతాడో చెప్పే విద్య అప్పుడూ లేదు, ఇప్పుడూ లేదు.

2. ఎంచినవాడు తెలివితక్కువవాడని తేల్చే ముందు అతను ఇంకెవరిని ఎంచాడో చూడండి.

1979లో మూడో రౌండులో, 82వ వంతున జో మోంటానాని తీసుకున్న మనిషి బిల్ వాల్ష్. ఆ మోంటానా నైనర్స్‌కి నాలుగు సూపర్ బౌల్స్ తెచ్చాడు. 2000 నాటికి ఆ వాల్షే జట్టు జనరల్ మేనేజర్. జట్టు క్వార్టర్‌బ్యాక్ (బంతి విసిరి ఆట నడిపేవాడు) స్టీవ్ యంగ్ తలకి తగిలిన దెబ్బలతో ఆటకి స్వస్తి చెప్పే దశలో ఉన్నాడు. అప్పుడు కూడా మూడో రౌండులోనే, 65వ వంతున, ఒక క్వార్టర్‌బ్యాక్‌ని తీసుకున్నారు. పేరు జియోవానీ కార్మాజీ. అతను లీగు మ్యాచుల్లో ఒక్కసారి కూడా మైదానంలోకి దిగలేదు. బ్రేడీ మాత్రం 199వ వంతు దాకా ఎదురుచూస్తూ కూర్చున్నాడు.

అతన్ని తీసుకున్న న్యూ ఇంగ్లండ్ వాళ్లని మహా జ్ఞానులంటారు మా అల్లుడుగారు. బ్రేడీ కంటే ముందు ఆ జట్టు అదే డ్రాఫ్టులో ఆరుగురిని ఎంచుకుంది. ఏడు సూపర్ బౌల్స్ గెలవబోయే మనిషని తెలిసినవాడు ఆరుసార్లు పక్కవాడి పేరు పిలుస్తాడా? తీసుకున్న తర్వాత కూడా బ్రేడీని బెంచీ మీదే ఉంచారు. 2001 సెప్టెంబర్లో అప్పటి క్వార్టర్‌బ్యాక్ డ్రూ బ్లెడ్సోకి పెద్ద దెబ్బ తగిలితే తప్ప అతనికి దారి దొరకలేదు. వాల్ష్ కన్ను 1979లో చురుగ్గా ఉండి, 2000లో మసకబారిందనడం తేలిక. రెండుసార్లూ చీకట్లోనే చూసిందని నా లెక్క.

3. పేర్లు మార్చి రాస్తే జీవితాలు కూడా మారి వస్తాయనుకోకండి.

మా అల్లుడుగారికి అన్నిటికన్నా పెద్ద పుండు ఇదే కాబట్టి కాస్త నిదానంగా చెబుతాను. 2005లో నైనర్స్‌దే మొదటి వంతు. యూటా నుంచి వచ్చిన ఆలెక్స్ స్మిత్‌ని తీసుకున్నారు. బర్క్‌లీలో, అంటే వంతెన అవతలే, ఆడిన రోడ్జర్స్ 24వ వంతు దాకా జారి గ్రీన్ బేకి వెళ్లాడు. తర్వాతి కథ అందరికీ తెలుసు. 2011 ఫిబ్రవరిలో సూపర్ బౌల్, మొత్తం నాలుగుసార్లు లీగులో అత్యుత్తమ ఆటగాడి అవార్డు.

ఇప్పుడు మధ్యలో జరిగింది చూడండి. గ్రీన్ బేలో అప్పటికే పేరున్న క్వార్టర్‌బ్యాక్ బ్రెట్ ఫార్వ్ ఉన్నాడు. రోడ్జర్స్ మూడు సీజన్లు అతని వెనక కూర్చుని నేర్చుకున్నాడు, ఎవరూ తొందరపెట్టలేదు. స్మిత్‌ని మాత్రం మొదటి ఏడాదే ముందుకు తోశారు. చుట్టూ ఉన్నది బలహీనమైన జట్టు. మొదటి ఐదేళ్లలో ఐదుగురు అఫెన్స్ కోఆర్డినేటర్లు మారారు. ఒకడి ఆట పద్ధతి, సంకేత భాష వంటబట్టేలోపు మరొకడు కొత్త పుస్తకం పట్టుకుని వచ్చేవాడు. 2007లో భుజం దెబ్బతింది. ఇందులో ఇంకో చమత్కారముంది. స్మిత్‌కి మొదటి కోఆర్డినేటర్ మైక్ మెకార్తీ. అతను ఏడాది తిరక్కుండా గ్రీన్ బేకి హెడ్ కోచ్‌గా వెళ్లి రోడ్జర్స్‌కి గురువయ్యాడు.

2011లో జిమ్ హార్బా కోచ్‌గా వచ్చాడు. పనికిరాడని జనం తేల్చేసిన ఆ స్మిత్‌తోనే నైనర్స్ 13 మ్యాచులు గెలిచి, సూపర్ బౌల్‌కి ఒక్క మెట్టు కింద ఆగారు. 2005లో ఆ రెండు పేర్లు తారుమారు చేస్తే రోడ్జర్స్ తన నాలుగు అవార్డులూ పెట్టెలో సర్దుకుని శాన్‌ఫ్రాన్సిస్కోలో దిగేవాడా? ఆ ఐదుగురు కోఆర్డినేటర్లూ అతనికే దక్కేవారు కదా. నైనర్స్‌ని తిట్టాలనుకుంటే ఆ ఒక్క ఏప్రిల్ రోజుని కాదు, ఆ తర్వాతి ఐదేళ్లని తిట్టండి. దానికి నేనూ గొంతు కలుపుతాను.

4. ఫలితం తెలిశాక, అది ముందే తెలిసినట్టు అనిపించడం మనిషి స్వభావం. 1975లో బరూక్ ఫిష్‌హాఫ్ అనే మనస్తత్వ పరిశోధకుడు కొందరికి 1814 నాటి బ్రిటిష్–గూర్ఖా పోరు గురించి చదవమని ఇచ్చాడు. ఒక గుంపుకి బ్రిటిష్‌వాళ్లు గెలిచారని, ఇంకో గుంపుకి గూర్ఖాలు గెలిచారని, ఇలా వేర్వేరు ముగింపులు చెప్పాడు. ముగింపు తెలియదనుకుని, దేనికి ఎంత అవకాశముందో చెప్పమంటే, ఏ గుంపుకి ఏ ముగింపు చెప్పాడో ఆ గుంపు దానికే ఎక్కువ మార్కులు వేసింది. "రోడ్జర్స్ గొప్పవాడవుతాడని నాకప్పుడే అనిపించింది" అనేవాళ్లని చూసినప్పుడల్లా నాకీ గూర్ఖాలు గుర్తొస్తారు.

5. ధర మాత్రం ఆ రోజే తెలుస్తుంది. కాబట్టి ధర మీద తీర్పు ఆ రోజే చెప్పొచ్చు.

ఇదివరకటి నాలుగూ చదివి, జట్టువాళ్లు ఏం చేసినా క్షమించాలని చెబుతున్నాననుకోకండి. 2021లో నైనర్స్‌కి 12వ వంతు వచ్చింది. అక్కణ్ణుంచి మూడుకి ఎగబాకడానికి మయామీకి ఆ 12వ వంతు, దానితోపాటు 2022, 2023ల మొదటి రౌండు వంతులు, పైన ఒక మూడో రౌండు వంతు ఇచ్చేశారు. అదీ డ్రాఫ్టుకి నెల ముందే. తీసుకున్నది ట్రే లాన్స్ అనే క్వార్టర్‌బ్యాక్‌ని. కోవిడ్ వల్ల అంతకు ముందు ఏడాది అతని కాలేజీ ఆడింది ఒకే ఒక మ్యాచ్. కుర్రాడి తప్పేమీ లేదు పాపం. కానీ అంత తక్కువ చూసి అంత ఎక్కువ ఇవ్వడం జూదమని చెప్పడానికి భవిష్యత్తు తెలియనక్కర్లేదు. ఇచ్చినదీ, చూసినదీ ఆ రోజే కళ్లముందున్నాయి.

లాన్స్ నైనర్స్‌కి నాలుగు మ్యాచులు మొదలుపెట్టాడు. 2022లో రెండో వారమే చీలమండ విరిగింది. 2023 ఆగస్టులో అతన్ని ఒక నాలుగో రౌండు వంతుకి డల్లాస్‌కి ఇచ్చేశారు. వదులుకున్న ఆ 12వ వంతు చేతులు మారి మారి చేరింది కూడా డల్లాస్‌కే, దాంతో వాళ్లు మైకా పార్సన్స్‌ని తీసుకున్నారు. అల్లుడుగారు ఇక్కడ గుండె బాదుకుంటారు. నేను బాదుకోను. ఆ వంతు మన దగ్గరే ఉంటే పార్సన్స్ పేరే పిలిచేవాళ్లమని ఎవరు చెప్పగలరు? నా ఫిర్యాదు పార్సన్స్ చేజారినందుకు కాదు, రాబోయే ఏళ్లని తాకట్టు పెట్టినందుకు.

ఎక్కువిచ్చి పైకి వెళ్లడమే తప్పని కూడా అనను. 1985లో ఈ జట్టే 28 నుంచి 16కి ఎగబాకి, తర్వాత దిగ్గజమైన జెర్రీ రైస్‌ని తెచ్చుకుంది. అప్పుడు ఇచ్చినవి ఆ ఏడాది వంతులే. మరుసటి సంవత్సరాల జోలికి పోలేదు. అలాగని పాతకాలం వాళ్లంతా పొదుపరులేం కాదు. మోకాళ్లు అరిగిపోయిన ఓ.జె. సింప్సన్ కోసం 1978లో ఇచ్చినవాటిలో 1979 మొదటి రౌండు వంతు ఉంది. తీరా చూస్తే అది మొత్తం డ్రాఫ్టుకే మొదటి వంతయింది.

6. అదృష్టం తీర్చిన అప్పుని తెలివి ఖాతాలో రాయకండి. 2022 డ్రాఫ్టులో చిట్టచివరి పేరు, 262వది, బ్రాక్ పర్డీ. ఆ ఆఖరివాణ్ణి ఇక్కడ "మిస్టర్ ఇర్రెలెవెంట్" అని ఆటపట్టిస్తారు. లాన్స్ పడిపోయి, డిసెంబరులో అతని స్థానంలో ఆడుతున్న జిమ్మీ గరోపలో పాదం విరిగాక, పర్డీ దిగాడు. 2024 ఫిబ్రవరికి జట్టుని సూపర్ బౌల్‌లో నిలబెట్టాడు. ఏం కనిపెట్టారండీ అని జనరల్ మేనేజర్ లించ్, కోచ్ షానహాన్‌లకి హారతి పట్టినవాళ్లు ఒక్క సంగతి మరిచిపోయారు. నిజంగా కనిపెట్టి ఉంటే ఏడో రౌండు చివరి దాకా ఆగరు. ఇంకెవరో ఎత్తుకుపోతారన్న భయం ఆ గదిలో ఎవరికీ లేదన్నమాట.

7. మహోమ్స్ విషయంలో అల్లుడుగారి వాదన సగం నిలబడుతుంది. 2017లో నైనర్స్‌కి రెండో వంతు. చికాగో వాళ్లు క్వార్టర్‌బ్యాక్ మిచెల్ ట్రుబిస్కీ కోసం ఒక్క మెట్టు పైకెక్కడానికి అదనపు వంతులిస్తే, మనవాళ్లు సంతోషంగా మూడుకి దిగి డిఫెన్స్ ఆటగాడు సాలమన్ థామస్‌ని తీసుకున్నారు. అప్పుడు జట్టులో చెప్పుకోదగ్గ క్వార్టర్‌బ్యాక్ లేడు, ఆ లోటు ఆ రోజే లోకమంతా చూస్తోంది. కాన్సస్ సిటీకేమో మన పాత ఆలెక్స్ స్మిత్ ఉన్నాడు. అయినా వాళ్లు 27 నుంచి 10కి ఎక్కి మహోమ్స్‌ని కొన్నారు. ఉన్నవాళ్లు కొన్నారు, లేనివాళ్లు కొనలేదు. ఆ మహోమ్స్ చేతిలోనే 2020లో 31–20, 2024లో అదనపు సమయంలో 25–22, రెండు సూపర్ బౌల్స్ పోయాయి. అవి మనసులో పెట్టుకుని తిట్టకండి. ఖాళీగా ఉన్న ఆ స్థానం చూపించి తిట్టండి. తిట్టడం అయ్యాక, అదే డ్రాఫ్టులో ఐదో రౌండులో, 146వ వంతున, అదే గదిలో కూర్చున్నవాళ్లే జట్టుకి మూలస్తంభమైన జార్జ్ కిటిల్‌ని ఎంచుకున్నారని కూడా ఒప్పుకోండి. మన పిల్లల జాబితాలో ఆ పేరు ఎందుకో ఎప్పుడూ వినపడదు.

8. వెనక్కి చూసి తప్పులెన్నే సరదా మానమని నేననను. చలికాలం సాయంత్రాలు గడవాలి కదా. కాకపోతే మా ఇంట్లో ఒక నియమం పెట్టాను. ఏప్రిల్లో డ్రాఫ్టు మొదటి రాత్రి, పేర్లు పిలవకముందే, ఎవరికి వాళ్లు కాగితం మీద తమ ఎంపిక రాసి, దానికి ఏమిస్తారో రాసి, తేదీ వేసి సంతకం పెట్టాలి. కాగితం లేనివాళ్లకి మూడేళ్ల తర్వాత మాట్లాడే హక్కు లేదు. 2021 కాగితాల్లో ఎక్కువమంది క్వార్టర్‌బ్యాక్ మాక్ జోన్స్ అని రాశారు. మూడో వంతున అతన్నే తీసుకుంటారని అప్పట్లో టీవీల్లో కూడా తెగ చెప్పుకున్నారు. ఆ జోన్స్ న్యూ ఇంగ్లండ్, జాక్సన్‌విల్ తిరిగి, 2025లో పర్డీకి ప్రత్యామ్నాయంగా నైనర్స్‌లోనే చేరాడు, డ్రాఫ్టు వంతు ఒక్కటీ ఖర్చు కాకుండా. 2022 కాగితాలు కూడా తీసి చూశాం. పర్డీ పేరు ఎవరి దాంట్లోనూ లేదు.