దూడల పారుడు వ్యాధి: మందులకు లొంగని బాక్టీరియా

చిత్తూరు, తిరుపతి జిల్లాల్లో వర్షాధారపు వేరుశనగ దెబ్బతిన్న ఏడు రైతు కుటుంబాన్ని నిలబెట్టేది పాడి. ఆ పాడికి రేపటి ఆధారమైన లేగదూడలను మొదటి నెలలోనే బలిగొనే వ్యాధుల్లో పారుడు ముఖ్యమైనది. దూడ పారుకున్న వెంటనే దుకాణంలో దొరికిన యాంటీబయోటిక్ తాగించడం మేలుకన్నా కీడే ఎక్కువ చేయవచ్చు. ఇందుకు రెండు కారణాలున్నాయి.

మొదటిది, వ్యాధికారకం. పుట్టిన తొలి నాలుగైదు రోజుల్లో ఇ. కోలై బాక్టీరియా, ఆ తరువాత రోటా, కరోనా వైరస్‌లు, క్రిప్టోస్పోరిడియం అనే ఏకకణ పరాన్నజీవి ఎక్కువగా పారుడు కలిగిస్తాయి. యాంటీబయోటిక్‌లు వైరస్‌లపై పనిచేయవు.

రెండవది, నిరోధకత. మందు వాడినప్పుడు లొంగే బాక్టీరియా నశించి, తట్టుకోగలిగినవి మిగిలి వృద్ధి చెందుతాయి. కొన్ని మందును విచ్ఛిన్నం చేసే ఎంజైములను తయారుచేస్తాయి. మరికొన్ని దానిని కణం వెలుపలికి నెట్టివేస్తాయి. ఈ జన్యువులు ప్లాస్మిడ్‌ల ద్వారా ఇ. కోలై నుండి సాల్మొనెల్లాకు సైతం చేరగలవు. కోలిస్టిన్‌ను తట్టుకునే ఎంసీఆర్-1 జన్యువు ప్లాస్మిడ్‌పై ఉన్నట్లు 2015లో చైనా శాస్త్రజ్ఞులు వెల్లడించారు. ఆహారోత్పత్తికై పెంచే పశుపక్ష్యాదులలో కోలిస్టిన్ వాడకాన్ని భారత ప్రభుత్వం 2019 జూలైలో నిషేధించింది. పేడతో పాటు ఇటువంటి బాక్టీరియా దిబ్బకు, పొలానికి, నీటికి, చివరకు మనుషులకూ చేరవచ్చు.

పారుడులో దూడ ప్రాణం తీసేది ప్రధానంగా నీరు, లవణాల నష్టం. కళ్లు లోనికి పోవడం, మెడపై చర్మాన్ని పట్టి వదిలితే మడత నిదానంగా సర్దుకోవడం దీని గుర్తులు. కనుక తొలి చికిత్స ఎలక్ట్రోలైట్ ద్రావణమే. పాలు పూర్తిగా మాన్పించరాదు. జ్వరం, పేడలో రక్తం, తీవ్ర నీరసం కనిపిస్తే పశువైద్యుని పిలవాలి. యాంటీబయోటిక్ అవసరమైతే, తొలి మోతాదుకు ముందే పేడ నమూనా సేకరించి ప్రయోగశాలలో ఏ మందుకు లొంగుతుందో పరీక్షింపజేయడం ఉత్తమం.

నివారణ జున్నుపాలతో మొదలవుతుంది. దూడ బరువులో పదోవంతు జున్నుపాలను తొలిరోజునే, అందులో సగాన్ని పుట్టిన రెండు గంటల్లోపు తాగించాలి. ఇరవైనాలుగు గంటలు గడిస్తే ప్రతిరక్షకాలను గ్రహించే శక్తి పేగుకు దాదాపుగా ఉండదు. ఈన్చే చోటు పొడిగా, శుభ్రంగా ఉంచాలి. విస్తరణ శాస్త్రవేత్తలు రైతుకు ముందుగా నేర్పవలసినది మందు పేరు కాదు, ఈ క్రమం.