కథలో మలుపు – సంధి దృష్టి: భామాకలాపం ఆధారంగా పరిశీలన

కథలో మలుపు అనగానే ఆకస్మిక సంఘటన స్ఫురించడం సహజం. మరణమో, ప్రమాదమో, దాచిన రహస్యం బయటపడటమో జరిగితేనే కథ మలుపు తిరిగిందని పలువురు రచయితలు భావిస్తారు. ప్రాచ్యకళాశాల విద్యార్థికి వేరొక చిక్కు ఉంది. 64 సంధ్యంగాలను కంఠస్థం చేసినవాడు సైతం ఒక కథ ఎక్కడ, ఎందుకు తిరిగిందో చెప్పలేకపోవచ్చు. ఈ రెండింటికీ సమాధానం లక్షణశాస్త్రంలోనే ఉంది. దానికి చక్కని లక్ష్యం దివిసీమకు చేరువగా, మొవ్వ మండలంలోని కూచిపూడిలో వెలసిన భామాకలాపం.

ముఖ, ప్రతిముఖ, గర్భ, విమర్శ, నిర్వహణాలు పంచసంధులు. వీటిని భరతుడు సంఘటనల పట్టికగా చెప్పలేదు. బీజం పొందే దశలుగా చెప్పాడు. బీజం ముఖంలో పుడుతుంది. ప్రతిముఖంలో కనబడీ కనబడకుండా ఉంటుంది. గర్భంలో ప్రాప్తి, అప్రాప్తి, అన్వేషణ పెనవేసుకొంటాయి. విమర్శలో క్రోధం, వ్యసనం లేదా ప్రలోభం వల్ల ఫలం సందిగ్ధమవుతుంది. నిర్వహణంలో చెదిరిన అర్థాలన్నీ ఒకచోటికి చేరుతాయి. కనుక పాత్ర కోరికకూ, దాని ఫలానికీ గల సంబంధం మారినచోటే సంధి.

సిద్ధేంద్రయోగి కృతిగా ప్రసిద్ధమైన భామాకలాపంలో బాహ్యఘటనలు అత్యల్పం. పాఠభేదాలు ఉన్నా స్థూలకథ ఒకటే. సత్యభామ తన రూపాన్నీ, వైభవాన్నీ చాటుకొంటూ ప్రవేశిస్తుంది. ప్రేమ అనే బీజాన్ని అతిశయం చుట్టుకొని ఉండటం ఇక్కడి ముఖం. అందం విషయమై వచ్చిన వాదంతో కృష్ణుడు దూరమవుతాడు. బీజం మరుగున పడుతుంది. లేఖ వ్రాయడం, మాధవిని రాయబారానికి వేడుకోవడం గర్భం. ఇక్కడ ఆశ, నిరాశ ఒకదాని వెంట ఒకటి వస్తాయి. రాయబారానికి ప్రతిఫలంగా మాధవి ముక్కెర అడగటంతో విమర్శ పతాకస్థాయికి చేరుతుంది. ముక్కెర కేవలం నగ కాదు, సౌభాగ్యచిహ్నం. దానిని ఇవ్వడానికి సిద్ధపడిన భామ ప్రవేశదరువు నాటి భామ కాదు. కృష్ణసమాగమం అటుపై జరగవలసిన నిర్వహణం మాత్రమే.

కలాపం దశరూపకాలలో చేరదు గనుక సంధులను దీనికి అన్వయించడం తగదని ఆక్షేపించవచ్చు. అయితే అన్ని రూపకాలకూ అయిదు సంధులూ ఉండాలని భరతుడే నియమించలేదు. డిమ, సమవకారాలకు నాలుగు, వ్యాయోగ, ఈహామృగాలకు మూడు, ప్రహసన, భాణాదులకు ముఖనిర్వహణాలు రెండే విధించాడు. ఒకే రోజు కథగా సాగే చిన్నకథకు రెండు సంధులు చాలునన్న సూచన ఇందులో ఉంది.

నంది తిమ్మన పారిజాతాపహరణం ఈ విషయాన్ని మరింత స్పష్టం చేస్తుంది. అందులో పెద్ద సంఘటన ఇంద్రునితో యుద్ధం. కాని కథ తిరిగింది అక్కడ కాదు. పాదాల వ్రాలిన పతిని సత్య తన్నడం, ఆయన కోపించకుండా అనునయించడం, పారిజాతవృక్షాన్నే తెస్తానని మాట ఇవ్వడం – కథను తిప్పినవి ఇవి. యుద్ధం ఆ మాటను చెల్లించడమే. సంఘటన పరిమాణం వేరు, మలుపు బలం వేరు.

కాబట్టి రచయిత తన కథను పరీక్షించుకొనడానికి మూడు ప్రశ్నలు చాలు. ఈ ఘట్టానికి ముందు పాత్ర కోరినదేమి? దానికోసం ఇప్పుడు వదులుకొన్నదేమి? ఇక వెనుకటి స్థితికి మరలగలదా? మరలగలిగితే అది సంఘటనే గాని సంధి కాదు. సంధ్యంగాలను బోధించే తరగతిలో ముందుగా ఈ ప్రశ్నలు వేసి, ఆ తరువాత పేర్లు చెప్పినట్లయితే, లక్షణం లక్ష్యాన్ని వెలిగిస్తుంది. విద్యార్థికి శాస్త్రం బరువు కాక చూపు అవుతుంది.